చీకట్లో జర్మన్, వెలుతుర్లో తెలుగు

మా సిస్టరమ్మ పోయారన్న కబురు పొద్దున్న టీ తాగే వేళకి వచ్చింది. టీ వేళ నాకు. అక్కడ అరకులో అప్పటికే మధ్యాహ్నం అయిపోయింది. ఫోన్‌లో మా అమ్మ. "ఒలే, సిస్టరమ్మ ఎల్లిపోనారే. తెల్లారగట్ట, నిద్దట్లోనే. పొద్దున ప్రార్థనకి రాలేదని గదికెల్లి సూత్తే..." అంది.

నేను జర్మనీలో ఒక చిన్న ఊళ్లో ఉంటున్నాను. ముసలివాళ్లను చూసుకునే హోమ్‌లో పనిచేస్తూ నర్సింగ్ చదువుతున్నాను. వంటగది వెనక మెట్ల మీద కప్పు పట్టుకుని కూర్చుని ఉన్నాను. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "నైన్". కాదు అని. తర్వాత ఇంకేదో కూడా అన్నాను, అదీ జర్మనే. అమ్మ, "ఏటంటన్నావే? నాకు తెలీట్లేదు" అంది.

ఏడుపు కన్నా ముందు నాకు భయం వేసింది. ఎందుకంటే సరిగ్గా ఇలాంటి ఘడియ గురించే సిస్టరమ్మ నన్ను హెచ్చరించారు. నాకు నోరు తెరిచి జర్మన్ మాట్లాడటం నేర్పింది ఆవిడ. ఆ భాష నా భాషను మింగెయ్యకుండా చూసుకోమని మరీమరీ చెప్పిందీ ఆవిడే. అందుకని ఆవిడ గురించి నాలుగు మాటలు తెలుగులోనే రాసుకోవాలని కూర్చున్నాను. ఇలా పుస్తకాల తెలుగులో రాస్తున్నందుకు ఆవిడ ఉంటే రెండు తిట్టేవారు. తిట్టనివ్వండి.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ సిస్టరమ్మ అంటే సూదిమందు. మా ఊరి కాన్వెంటు పక్కన చిన్న డిస్పెన్సరీ ఉంది. జ్వరం వచ్చినా, కాలికి ముల్లు గుచ్చుకున్నా అక్కడికే. పల్లం నుంచి, పాలకొండ వైపు రైతుల ఇంట్లోంచి వచ్చిన మనిషి ఆవిడ. పొట్టిగా, బొద్దుగా, నల్ల గొడుగు చంకలో పెట్టుకుని గబగబా నడిచేవారు. చిన్న వయసులోనే మఠంలో చేరితే, వాళ్లు జర్మనీ పంపించారట. అక్కడ ఏళ్లకేళ్లు నర్సుగా పనిచేసి, జుట్టు నెరిశాక మా కొండలకి వచ్చారు. మా ఊరి పిల్లలకి ఆవిడ జర్మనీ గురించి తెలిసిందల్లా ఒకటే. క్రిస్మస్‌కి చోడిపిండితో, అదే రాగిపిండితో, కుక్కర్లో రొట్టె చేసి అందరికీ పంచేవారు. అది పళ్లకి లొంగేది కాదు. మా గుంటలందరం దాన్ని 'సిస్టరమ్మ రాయి' అనేవాళ్లం. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. "రాయి కావాలేటి, ఇంకోటి ఇమ్మంటావా?" అని ఆవిడే అడిగేవారు.

ఇంటర్ పాసయ్యాక నాకు ఈ జర్మన్ పిచ్చి పట్టింది. అక్కడ నర్సింగ్ చదువుకుంటూనే జీతం తీసుకోవచ్చని మా క్లాసులో అమ్మాయి చెప్పింది. విశాఖపట్నంలో ఒక కోచింగ్‌లో చేరి, హాస్టల్లో ఉంటూ, శని ఆదివారాలు ఇంటికి వచ్చేదాన్ని. రాయడం వచ్చింది, చదవడం వచ్చింది, వింటే అర్థమయ్యేది కూడా. మాట్లాడమంటే మాత్రం నోరు కట్టేసినట్టుండేది. మొదటిసారి పరీక్షలో, నీ గురించి చెప్పమ్మా అని అడిగితే నా పేరు కూడా చెప్పలేక టేబుల్ మీద మంచినీళ్ల గ్లాసు చూస్తూ కూర్చున్నాను. మాట్లాడే పేపరు పోయింది. ఇంకోసారి పోతే ఇంట్లో చదువు మాన్పించి ఏదో ఒక కొట్లో పనికి పెడతారని నాకు తెలుసు. మా నాన్న రైల్వే ట్రాక్ మీద పనిచేస్తాడు, ఆయన్నీ తప్పుపట్టలేను.

ఆ ఆదివారం మధ్యాహ్నం, మొహం గంటు పెట్టుకుని, విశాఖ వెళ్లే రైల్లో కూర్చున్నాను. ఎదురుసీట్లోకి నల్ల గొడుగు, వెనకాలే సిస్టరమ్మ. డిస్పెన్సరీకి మందులు తేవడానికి ఆవిడ తరచూ ఆదివారం కిందకి దిగేవారు. రైలు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియని స్టేషన్‌కి కూడా చాలా ముందే వచ్చి కూర్చోవడం ఆవిడ అలవాటు. జర్మనీలో పట్టుకున్న రోగం అనేవారు.

నా సంగతి అప్పటికే ఊరంతా తెలిసిపోయినట్టుంది. ఆవిడ ఏమీ ఎరగనట్టు గొడుగు సర్దుకుని, జర్మన్‌లో నా పేరడిగారు. చుట్టూ జనం. సెలవుకి వచ్చి వెళ్తున్న టూరిస్టులు, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్మే అతను, ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు. అందరూ నన్నే చూస్తున్నట్టనిపించింది. తల దించుకున్నాను. సిస్టరమ్మ సంచిలోంచి జామకాయ తీసి, చిన్న చాకుతో పల్చగా ముక్కలు కోసి నా చేతిలో పెట్టారు.

మీలో చాలామంది అరకు రైలెక్కే ఉంటారు. బొర్రా దాటాక సొరంగాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. సొరంగం రాగానే పెట్టె మొత్తం ఒక్క గొంతుతో అరుస్తుంది. పిల్లలు, పెద్దలు, కొత్తగా పెళ్లయినవాళ్లు, అందరూ 'ఓ...' అని కేకలు, ఈలలు. ఎందుకు అరుస్తారో వాళ్లకీ తెలీదు. మేము కొండవాళ్లం మాత్రం అరవం, మాకు రోజూ ఉండేదే. ఆ రోజు మా పెట్టెలో లైట్లు వెలగలేదు. చీకటి పడగానే అరుపులు మొదలయ్యాయి. ఆ అరుపుల కింద ఎక్కడో మళ్లీ సిస్టరమ్మ గొంతు, జర్మన్‌లోనే, నీ పేరేమిటి అని.

చెప్పేశాను. పేరు చెప్పాను, ఊరు చెప్పాను, మా నాన్న రైలు పట్టాల మీద నడుస్తాడని చెప్పాను. ఎవరికీ కనపడను, ఎవరికీ వినపడను, తప్పులు ఎన్ని దొర్లాయో నాకే తెలీదు. వెలుతురు వచ్చింది. నా నోరు టక్కున మూసుకుపోయింది.

సిస్టరమ్మ కళ్లజోడు సర్దుకుని నన్ను తేరిపార చూశారు. "ఓహో. నీ జర్మన్‌కి ఎండ పడదన్నమాట" అన్నారు. "సరేలే. మనకి సొరంగాలకేటి తక్కువ?"

అలా మొదలైంది. రూలు ఆవిడే పెట్టారు: చీకట్లో జర్మన్, వెలుతుర్లో తెలుగు. చిన్న సొరంగంలో చిన్న మాట, పెద్ద సొరంగంలో కథ. మాట మధ్యలో ఉండగా వెలుతురు వచ్చేస్తే అక్కడే ఆపెయ్యాలి. మిగతా సగం నోట్లో పెట్టుకుని లోయ దాటేవాళ్లం. కిటికీలోంచి కింద ఎక్కడో వలిసె చేలు పచ్చగా మెరిసేవి. కాఫీ తోటల మీద మబ్బు వచ్చి కూర్చుని, మళ్లీ ఎప్పుడు లేచేదో తెలిసేది కాదు. సిస్టరమ్మ ఆ వెలుతురంతా తెలుగులో వంకాయల ధర గురించి మాట్లాడేవారు. మళ్లీ చీకటి పడగానే నేను మిగిలిన సగం అందుకునేదాన్ని. ఒక్కోసారి ముందు సగం ఏమన్నానో మర్చిపోయి కొత్తది కలిపేసేదాన్ని. మా తాతయ్యకి తోక మొలిచేది, మా మేక బడికి వెళ్లేది. ఆవిడ చీకట్లో కిలకిలా నవ్వేవారు. కనపడేది కాదు, వినపడేది అంతే.

ఆ ప్రయాణాలు గుర్తొస్తే ఇప్పటికీ నాకు అవి నిజంగా జరిగినట్టుండదు. నిద్రకీ మెలకువకీ మధ్య ఊగుతున్నట్టు ఉంటుంది. వెలుగు, చీకటి, వెలుగు, చీకటి. చీకట్లో నేను తెలుగులో ఎవరికీ చెప్పనివి కూడా చెప్పేదాన్ని. ఇల్లు వదిలి వెళ్లాలంటే భయమని, వెళ్లకుండా ఉండిపోవాలంటే అంతకన్నా భయమని. ఆవిడ అటునుంచి తను చూసిన మొదటి మంచు గురించి చెప్పేవారు. ద్రాక్షతోటల మధ్య నది గురించి, అన్నం ముద్ద కోసం వంటగదిలో ఒంటరిగా ఏడ్చిన రోజు గురించి. నేను తప్పు మాట్లాడితే దిద్దేవారు కాదు. అదే మాట సరిగ్గా చేసి, తను అడుగుతున్న ప్రశ్నలో కలిపి, నాకు తిరిగి ఇచ్చేసేవారు. తప్పని తెలిసేలోపే సరైపోయేది.

"తప్పు మాటాడితే మాటాడు. మానీకు" అనేవారు. ఇంకోటి కూడా అనేవారు. "నీకు పాటం సెప్తన్నానని అనుకోకు. ఇన్నేళ్లకి నాకూ మాటాడ్డానికి ఓ మనిషి దొరికింది."

కొన్నాళ్లకి నా గొంతు చీకట్లోంచి బయటికి రావడం మొదలుపెట్టింది. సొరంగం అయిపోయినా వాక్యం అయిపోయేదాకా ఆపేదాన్ని కాదు. వేరుశనక్కాయల అతను ఆగి, "ఏ బాస పాపా అది? ఒరియావా?" అని అడిగాడు. సిస్టరమ్మ నా బదులు, "రైలు బాస" అన్నారు.

రెండోసారి పరీక్షకి వెళ్లినప్పుడు నా వంతు మధ్యాహ్నానికి వచ్చింది. లోపల కూర్చున్న జర్మన్ ఆవిడ మొహం వాడిపోయి ఉంది. పొద్దున్నుంచీ ఎంతమంది మాటలు విన్నదో. నేను కుర్చీలో కూర్చుంటూనే, అభ్యాసం చేసిన పలకరింపు మర్చిపోయి, మా ఊళ్లో ఇంటికి ఎవరొచ్చినా అడిగేదే అడిగేశాను. భోంచేశారా అని. పరీక్ష పెట్టేవాళ్లను ఎవరైనా అలా అడుగుతారా? ఆవిడ మాత్రం పెన్ను కింద పెట్టి, ఇంకా లేదమ్మా, ఆకలేస్తోంది అంది. మీ ఊళ్లో ఏం తింటారని అడిగింది. చోడి అంబలి గురించి, బొంగులో కూర గురించి, 'సిస్టరమ్మ రాయి' గురించి చెప్పుకుంటూ పోయాను. పాసయ్యాను.

ఇది చెప్తే సిస్టరమ్మ రైల్లో కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుని, కన్నీళ్లు వచ్చేదాకా నవ్వారు. తర్వాత, "అక్కడికెళ్లాక అది మాత్రం మానీకు. వాళ్లలో వాళ్లు ఎవులూ అడగరు. నువ్వు అడుగు" అన్నారు.

మానలేదు. ఇక్కడ మా హోమ్‌లో ప్రతి గదిలోకీ ఆ మాటతోనే వెళ్తాను. మొదట్లో, టేబుల్ మీద ప్లేట్ కనపడట్లేదా అన్నట్టు చూసేవాళ్లు. ఇప్పుడు నేను అడగడం మర్చిపోతే, ఇవాళ నన్ను అడగలేదేం అని అలుగుతున్నారు.

అసలు చెప్పాల్సింది ఇంకోటి ఉంది. నా వీసా వచ్చాక, ఇద్దరం కలిసి కిందకి దిగిన చివరి ఆదివారం అది. వాన. కిటికీ తలుపులు దించేశారు. పెద్ద సొరంగంలో సిస్టరమ్మ వాళ్ల అమ్మ గురించి జర్మన్‌లో మొదలుపెట్టారు. రెండు మాటలు చెప్పి ఆగారు. "ఉండు. ఇది ఆ బాసలో సెప్పకూడదు" అన్నారు. చీకట్లో ఆవిడ తెలుగు మాట్లాడటం అదే మొదటిసారి.

"మా అమ్మకి బాగోలేదని కబురొస్తే అక్కడ నుంచి ఒచ్చినాను. అన్నేళ్లూ తెలుగు మాటాడ్డానికి నాకు ఎవులూ లేరు. బైబిల్ ఒకటే సదువుకునేదాన్ని. అమ్మ మంచం మీద ఉంది, కళ్లు సరిగా ఆనవు. సెయ్యి పట్టుకుని, 'అమ్మా, మీ ఆరోగ్యము ఎలా ఉన్నది' అన్నాను. నా నోట్లో అదే మిగిలింది మరి. మా అమ్మ మా సెల్లిని పిలిసి ఏటందో తెలుసా? 'ఒలే, ఈ సిస్టరుగోరికి కుర్సీ ఏయే. ఎవుల తాలూకో పాపం, ఎంత దూరం నుంచి ఒచ్చినారో' అంది."

పెట్టెలో అందరూ అరుస్తున్నారు. నేను ఆవిడ చెయ్యి కోసం వెతికాను. దొరికింది.

"నాను నీ తాలూకేనే అమ్మా అనాల. అంతే కదా? ఆ ముక్క రాలేదు నోటికి. కుర్సీ ఏసినారు, కూకున్నాను. బేగి ఎల్లిపోనాది అమ్మ. అప్పుడు మఠం వాళ్లని అడిగినాను, నన్ను ఎనక్కి పంపకండి, నా మనుసుల్లో పడేయండి అని."

తర్వాత డిస్పెన్సరీ గుమ్మంలో ముసలమ్మల మధ్య కూర్చుని వాళ్ల మాటలన్నీ మళ్లీ పోగేసుకున్నారట. మందిచ్చే నెపంతో గంటలు గంటలు. కొండవాళ్ల ఒడియా మాటలు కూడా ఆ గుమ్మంలోనే వచ్చాయట. మాకు ఆవిడ యాస విని, పుట్టినప్పటి నుంచీ ఇలాగే మాట్లాడుతున్నారనుకున్నాం. పోగొట్టుకుని తెచ్చుకున్నదని మాకేం తెలుసు.

సొరంగం అయిపోయింది. ఆవిడ మొహం తుడుచుకుని, గొడుగు నిలబెట్టి, దాని మీద రెండు చేతులూ పెట్టుకున్నారు. "అక్కడికెళ్లాక రూలు తిరగేసుకో. వెలుతుర్లో వాళ్ల మాట. చీకటి పడితే మన మాట."

"అక్కడి రైళ్లలో లైట్లు ఆరిపోవంట, సిస్టరమ్మా" అన్నాను, ఏడవకుండా ఉండటానికి.

"లైటుంటే ఏటి? సొరంగం సొరంగమే కదే."

నేను ఇక్కడికి వచ్చాక మొదటి ఏడాది ఆదివారం ఆదివారం ఫోన్ చేసేవారు. అది పలకరింపు కాదు, తనిఖీ. "ఏటి తిన్నావు? మన మాటలో సెప్పు" అని. ఒకసారి నేను భోజనం చేశాను అంటే, "ఎవరే నువ్వు? వార్తలు సదువుతన్నావేటి?" అని ఫోన్ పెట్టేసినంత పని చేశారు. ఈమధ్య ఆవిడ గొంతు నీరసించింది. మాటలు తగ్గాయి. నాకూ పనీ, చదువూ, ఇక్కడి మనుషులూ. కలలు కూడా జర్మన్‌లో వస్తున్నాయని గర్వంగా చెప్తే ఆవిడ, "కలలో మీ అమ్మ ఒస్తే ఏ బాసలో మాటాడతంది?" అని అడిగారు. డ్యూటీకి వేళయిందని ఫోన్ పెట్టేశాను.

అందుకే ఆ పొద్దున్న మా అమ్మ ఏటంటన్నావే అన్నప్పుడు నాకు ఆ కుర్చీ గుర్తొచ్చింది.

ఆ రోజు పని అయ్యాక గదికి వెళ్లడానికి రైలెక్కాను. మధ్యాహ్నం, ఎండ పల్చగా ఉంది. పెట్టె శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉంది. ఎవరి ఫోన్ వాళ్లు చూసుకుంటున్నారు. ఎదురుసీట్లో ఒక ముసలావిడ, ఒళ్లో రొట్టె సంచి. అరకులో ఈపాటికి సాయంత్రం. కాన్వెంటు వెనక సిల్వర్ ఓక్ చెట్ల కింద, మిరియాల తీగల మధ్య, మట్టి కప్పేసి ఉంటారు. ఎవరో నల్ల గొడుగు తలుపు వెనక తగిలించి ఉంటారు.

ఈ దారిలో ఒక సొరంగం ఉంది. రోజూ వస్తుంది, రోజూ పోతుంది, నేను ఎన్నడూ పట్టించుకోలేదు. ఆ రోజు అది రాగానే నాకు తెలియకుండానే అరుపుల కోసం ఆగాను. ఎవరూ అరవలేదు. లైట్లూ ఆరలేదు. కిటికీ అద్దం ఒక్కసారి నల్లబడి, నా మొహం నా ముందుకొచ్చి కూర్చుంది.

నోరు తెరిచాను. రాలేదు. పరీక్ష గదిలో గ్లాసు చూస్తూ కూర్చున్న గుంటే మళ్లీ అక్కడ కూర్చుంది, కాకపోతే ఈసారి రానన్నది నా సొంత భాష. ఎవరో ఒకరు ఒక్క కేక వేస్తే బాగుండును. ఒక్క ఈల. దాని కింద దాక్కుని ఏదో ఒకటి అనేద్దును. సొరంగం అయిపోతుందేమోనని భయం వేసింది.

"సిస్టరమ్మా" అన్నాను. గట్టిగానే వచ్చింది. "సిస్టరమ్మా, తిన్నారేటి? నానండీ. మీ తాలూక గుంటనే."

ఆ తర్వాత ఆగలేదు. మా అమ్మకి మళ్లీ ఫోన్ సేత్తానని చెప్పాను. రాలేకపోయానని చెప్పాను. ఆ రొట్టె నిజంగానే రాయిలా ఉండేదని, అయినా నేను ఎప్పుడూ మొత్తం తినేసేదాన్నని చెప్పాను.

ఎదురుసీటు ముసలావిడ తలెత్తి, కాస్త ముందుకి వంగి, మెల్లగా జర్మన్‌లో అడిగింది, ఎవరితో మాట్లాడుతున్నావమ్మా అని.

సొరంగం ఇంకా అయిపోలేదు. అందుకని తెలుగులోనే చెప్పాను.

"మా తాలూకేనండీ."

ఆవిడ అర్థమైనట్టే తల ఊపింది. నల్లటి అద్దంలో నా పెదాలు ఇంకా కదులుతూనే ఉన్నాయి.